టైలరమ్మ కూర్చుంటేనే వెలిగే దీపం

టైలరమ్మ స్టీరింగ్ ముందు కూర్చుంటే చాలు, కారులో ఎర్రదీపం వెలిగేది. కోడలు కూర్చుంటే వెలిగేది కాదు. కొడుకు ఊరంతా తిప్పుకొచ్చినా వెలగలేదు. ఆఖరికి కారు నడపడం బొత్తిగా రాని ఆమె మొగుడు సరదాకి తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేస్తే, అది అలా మెరిసి ఇలా బుద్ధిగా ఆరిపోయింది.

"చూశావా? దానిక్కూడా నువ్వంటే హడలే," అన్నాడాయన. పెళ్లినాటి నుంచి కడుపులో దాచుకున్న మాట, పాపం, కారు మీద పెట్టి ఇన్నాళ్లకి బయటపెట్టుకున్నాడు.

ఆయన సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఉద్యోగాన్ని వదిలినా ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. వీధిలో అందరూ ఇప్పటికీ కండక్టరనే పిలుస్తారు. కారెక్కితే వెనక సీట్లోనే కూర్చుంటాడు. బండి కదలాలంటే తలుపు మీద రెండు దెబ్బలు వేసి "రైట్, రైట్" అనాలి, ఆగాలంటే "హోల్డాన్" అనాలి. అన్నేళ్లూ స్టీరింగ్ ముట్టుకోకుండా బస్సుని నడిపింది తనేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం జోలికి ఎవరూ వెళ్లరు.

ఆ ఇంట్లో చక్రంతో సంబంధం లేని మనిషంటూ లేరు. కొడుకు రైలు నడుపుతాడు, సగం కాపురం పట్టాల మీదే. కోడలు కార్ల మెకానిక్కు, బజార్లో సొంత గ్యారేజీ ఉంది. టైలరమ్మకి కుట్టు మిషను చక్రం ఉంది. అయితే ఆ చక్రం ఎంత తిరిగినా, తిప్పే మనిషి కూర్చున్నచోటు నుంచి అంగుళం కదలదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

గుడ్డల మార్కెట్టుకి వెళ్లాలన్నా, కుట్టిన బట్టలు ఇచ్చి రావాలన్నా, చెల్లెల్ని చూసి రావాలన్నా, టైలరమ్మ జన్మంతా ఒకటే మాట అడుగుతూ వచ్చింది. "కాస్త నన్ను దింపుతావా?" చిన్నప్పుడు అన్నని అడిగింది. పెళ్లయ్యాక మొగుణ్ని అడిగితే ఆయన బస్సు నంబరు చెప్పేవాడు. తర్వాత కొడుకుని అడిగింది, ఇప్పుడు కోడల్ని అడుగుతోంది. కాదన్నవాళ్లు లేరు. "ఆగు, వస్తున్నా," అన్నారంతే. ఆ ఆగడంలోనే ఆమెకి జుట్టు నెరిసింది. చెప్పులేసుకుని, సంచీ పట్టుకుని, గుమ్మంలో ఒకరి కోసం నిలబడ్డం ఎంత చిన్నతనంగా ఉంటుందో దింపేవాళ్లకి తెలియదు.

అందుకే, ఎవరో వదిలించుకుంటున్న పాత కారుని కోడలు బాగుచేసి ఇంటికి తెచ్చిన రోజున, టైలరమ్మ మెడలో టేపు కూడా తీయకుండా వచ్చి "ఇది నేను నేర్చుకుంటా" అంది. కండక్టరు ఒక్కడే నవ్వాడు. ఆమె అటు తిరిగేసరికి ఆ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. సాయంత్రాలు గ్యారేజీ మూశాక కోడలే పక్కన కూర్చుని నేర్పింది. చదువు బాగానే సాగింది. లైసెన్సు పరీక్షకి తేదీ కూడా వచ్చింది, వచ్చే సోమవారం. సరిగ్గా అప్పుడు మొదలైంది ఈ దీపం గోల.

రోజూ ఒకటే తంతు. కారు షెడ్డులోంచి బయటికొచ్చి సందు మలుపు తిరుగుతుందో లేదో, దీపం వెలిగేది. "ఆపండి అత్తయ్యా, ఆపేయండి!" అని కోడలు అరిచేది. టైలరమ్మ బ్రేకు మీద నిలబడేది. అన్నీ అయిపోయాక వెనక నుంచి "హోల్డాన్" అని ఆజ్ఞ వచ్చేది. కోడలు దిగి, బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి చూసేది. ఆయిల్ ఉండాల్సినంత ఉండేది. కారిన జాడ ఎక్కడా లేదు, ఇంజిన్లో తేడా చప్పుడూ లేదు. అన్నీ తడిమి చూసి, తనే స్టీరింగ్ ముందు కూర్చుని స్టార్ట్ చేస్తే, దీపం ఏమీ ఎరగనట్టు ఆరి ఉండేది.

"ఆడలేక మద్దెల ఓడన్నారు. ఇక్కడ మద్దెల బాగానే ఉందిగా," అన్నాడు కండక్టరు.

టైలరమ్మ అద్దంలోంచి ఒక చూపు చూసింది. ఆయన కిటికీ బయటికి చూడ్డంలో మునిగిపోయాడు.

కోడలికి మాత్రం ఇది నవ్వులాటగా లేదు. "ఈ దీపంతో పరాచికాలొద్దు మావయ్యా. మనకి రక్తం ఎలాగో ఇంజిన్‌కి ఆయిల్ అలాగ. లోపల అది ఒత్తిడితో తిరుగుతుండాలి. ఒత్తిడి పోయిందంటే ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజిన్ బిగుసుకుపోతుంది. రోడ్డు మధ్యలో బిగుసుకుందనుకోండి, వెనకాల వచ్చేవాడు ఊరుకుంటాడా?" అని, అత్తగారి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఇది తేలేదాకా మీరు బండి తీయొద్దు అత్తయ్యా."

"మరి సోమవారం?"

"అప్పటికి తేలితే వెళ్దాం. లేకపోతే ఇంకో తేదీ అడుగుదాం."

ఇంకో తేదీ అంటే ఏమిటో టైలరుకి చెప్పాలా? తన దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఆ మాట చెప్పి చెప్పి ముదిరిన మనిషి ఆమె. పోనీ ఇంకో కారులో వెళ్దామా అంటే, గ్యారేజీలో ఉన్నవన్నీ ఊళ్లోవాళ్ల బళ్లు. పైగా ఆమె ఎడమ కాలికి తెలిసిన క్లచ్చు ప్రపంచంలో ఇదొక్కటే.

మర్నాడు కోడలు కారుని గ్యారేజీకి తీసుకెళ్లింది. టైలరమ్మ కుట్టుపని పక్కన పడేసి వెంట వెళ్లింది. కండక్టరు పిలవకుండానే వచ్చాడు. ఆపరేషను థియేటరు బయట చుట్టాల్లా ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు.

కోడలు బానెట్ పైకెత్తి, ఊతకడ్డీ పెట్టి, ఇంజిన్ పక్కన గుచ్చి ఉన్న బొటనవేలంత ఇత్తడి ముక్కని చూపించింది. "ఇదీ సెన్సర్. లోపలి ఒత్తిడి చూసి దీపానికి కబురు పంపేది ఇదే. ఇది అబద్ధమాడుతోందేమో చూద్దాం." సెన్సర్ విప్పి, అక్కడ రెండు మూతులున్న గొట్టం బిగించింది. ఒక మూతికి సెన్సర్‌ని తిరిగి పెట్టింది, రెండో మూతికి ముల్లు తిరిగే మీటరు తగిలించింది. ఈ మీటరుకి కరెంటుతో పనిలేదు, ఆయిల్ ఎంత తోస్తే ముల్లు అంత కదులుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి చాలాసేపు నడవనిచ్చింది. ముల్లు ఉండాల్సిన చోట నిక్కచ్చిగా నిలబడింది. దీపం వెలగలేదు. వైరు ఊపింది, తొడుగు విప్పి తుడిచింది, ఇంజిన్ని రేజ్ చేసింది, తగ్గించింది. మీటరూ సెన్సరూ ఒకటే మాట మీద ఉన్నాయి.

"డాక్టరు ముందు కూర్చోగానే పంటి నొప్పి పోయినట్టుంది," అంది కోడలు విసుగ్గా.

"ఆ ముక్కేదో మార్చి పారేస్తే పోలా?" అంది టైలరమ్మ ఆశగా.

"మార్చొచ్చు అత్తయ్యా. కానీ తప్పు దాంట్లో లేకపోతే? దీపం నిజమే చెప్తుంటే? పుండొకచోట మందొకచోట పెట్టి మిమ్మల్ని రోడ్డు మీదికి పంపలేను." చేతులు తుడుచుకుంటూ కోడలు ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. "మీరు నడిపినప్పుడే వస్తోందంటే, మీరు చేసేదేదో మేం చేయట్లేదు. నేను షెడ్డుకి వచ్చేసరికే మీరు ఇంజిన్ స్టార్ట్ చేసి రెడీగా ఉంటారుగా. దానికి ముందు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? నువ్వు చెప్పినట్టే. కూర్చుంటా, తాళం తిప్పుతా, నువ్వు రాగానే గేరేస్తా," అంది టైలరమ్మ, తేలు కుట్టిన దొంగలా.

ఆ మాట అబద్ధం. తాళం తిప్పడానికీ గేరు వేయడానికీ మధ్య చాలా కథ జరిగేది. కోడలు గ్యారేజీ నుంచి రాకముందే టైలరమ్మ షెడ్డులోకి వెళ్లి ఇంజిన్ స్టార్ట్ చేసేది. చేసి, అలా కూర్చునేది. ఎందుకంటే ఆమెకి భయం. ఇంజిన్ ఆపి ఉంటే తన గుండె చప్పుడు తనకే వినిపించేది. ఇంజిన్ నడుస్తుంటే కుట్టు మిషను మోటారు దగ్గర కూర్చున్నట్టుండి, నెమ్మది మీద గుండె కుదుటపడేది. అందాకా అద్దం సర్దేది, సీటు ముందుకి జరిపేది, వెనక్కి జరిపేది, కళ్లజోడు తుడిచేది, బెల్టు పెట్టుకుని మడతలు సరిచేసేది, మళ్లీ అద్దం దగ్గర మొదలుపెట్టేది. ఒక్కోరోజు భయం తొందరగా దిగేది, ఒక్కోరోజు మొండికేసేది.

ఈ సంగతి బయటపెడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. కండక్టరు నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికల్లా వీధంతా తెలుస్తుంది. అది పర్వాలేదు, వీధికి సమాధానం చెప్పగలదు. కోడలు మంచిది, అదీ అసలు భయం. ఆ పిల్ల ఎంతో ప్రేమగా, "అంత భయమైతే ఎందుకత్తయ్యా, నేను దింపుతాగా," అంటుంది. ఆ ఒక్క మాటతో గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నిలబడే రోజులు తిరిగొస్తాయి. తిడితే ఎదిరించొచ్చు కానీ ప్రేమని ఎలా ఎదిరించడం?

కోడలు లేచి మీటరు విప్పడం మొదలుపెట్టింది. "అయితే లోపలే అరిగి ఉండాలి. మధ్యాహ్నం నుంచి విప్పుతా. విప్పితే సోమవారానికి మాత్రం కాదు."

ఆ మధ్యాహ్నం ఇంట్లో కండక్టరు కొత్త ప్యాంటు గుడ్డ పట్టుకుని వచ్చాడు. "నీ పరీక్ష ఎలాగూ లేదుగా, చేతులు ఖాళీయేగా, నాకు కుట్టిపెట్టు. పాతదాని గుండీ ఊడి ఎటో పోయింది," అన్నాడు. టైలరమ్మ టేపు తీసింది. నడుం చుట్టూ తిప్పేసరికి, అప్పటిదాకా కుండలా ఉన్న పొట్ట కాస్తా వెన్నుకి అంటుకుపోయింది. ఊపిరి బిగబట్టి, గడ్డం పైకెత్తి, ఆయన కుర్రాడిలా నిలబడ్డాడు.

"వదలండి," అంది టైలరమ్మ.

"ఏం వదలాలి?" అన్నాడాయన, పెదాలు కదపకుండా.

ఇక ఆమె పట్టరాని కోపంతో అందుకుంది. "ఆ పొట్ట వదలండి! పోయినసారీ ఇంతే. కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి నాకు అబద్ధం చూపించారు. తీరా కుట్టాక, బిగుతైంది, గుండీ ఊడింది, నీకు పని రాదన్నారు. టేపు ఏం చేస్తుంది? మీరు చూపించిందే చెప్తుంది. ఉన్న పొట్ట ఉన్నట్టు చూపించనివాళ్లకి ప్రపంచంలో ఏ టైలరూ..."

మాట అక్కడ ఆగిపోయింది. కండక్టరు ఇంకా ఊపిరి బిగబట్టే ఉన్నాడు, తర్వాతి తిట్టు కోసం ఎదురుచూస్తూ. టైలరమ్మ తన చేతిలో టేపు వైపు చూసుకుంది. పొద్దున గ్యారేజీలో తను చేసిందీ ఇదేగా. కోడలు కొలత తీయడానికి వస్తే తను ఊపిరి బిగబట్టింది. ఆమెకి సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

"ఎటు వెళ్తున్నావే? ప్యాంటు?" అని కండక్టరు వెనక నుంచి కేకేశాడు.

"ఇంకో తేదీకి రండి," అంది టైలరమ్మ, చెప్పులేసుకుంటూ.

ఎవర్నీ దింపమనకుండా నడిచే వెళ్లింది. కోడలు అప్పటికే పానాలన్నీ బల్ల మీద పరిచి, ఇంజిన్ విప్పడానికి చేతులకి తొడుగులు వేసుకుంటోంది. టైలరమ్మ గుమ్మంలోంచే, మధ్యలో ఆగితే మళ్లీ నోరు రాదేమోనని, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. భయం సంగతి, ఇంజిన్ నడుస్తుండగా కూర్చోవడం సంగతి, అద్దం, సీటు, కళ్లజోడు, మళ్లీ అద్దం. చెప్పి, ఆ మెత్తటి మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

కోడలు ఆ మాట అనలేదు. "ఎంతసేపు కూర్చుంటారు?" అంది.

"భయం దిగేదాకా."

"ఇంజిన్ నడుస్తూనే?"

"నడుస్తూనే."

"కారు ముక్కు షెడ్డు గోడ వైపే ఉంటుందిగా. బానెట్?"

"మూసే ఉంటుంది. నేనెందుకెత్తుతాను?"

కోడలు మసి తొడుగుల చేత్తోనే నుదురు కొట్టుకుంది. "నా బుర్ర తగలెయ్య! అక్కడ కదలకుండా నిలబడి, ఎదురుగా గోడ, మూత మూసి ఉంటే, లోపల వేడంతా ఆ సెన్సర్ నెత్తి మీదే కూర్చుంటుంది. మేమెవరం బండెక్కినా వెంటనే కదిలిపోతాం, గాలి తగులుతుంది. నేనైతే వెతకడానికి వచ్చిన ప్రతిసారీ బానెట్ ఎత్తి, దానికి విసనకర్రతో విసిరి మరీ, నొప్పి ఎక్కడే అని అడుగుతున్నా!" నుదుటి మీద నల్లటి మరకతో అత్తగారి దగ్గరికి వచ్చింది. "పదండి ఇంటికి. అచ్చం రోజూ భయపడ్డట్టే భయపడాలి మీరు. ఏమాత్రం తగ్గించకూడదు."

టైలరమ్మ భయానికి ఎవరైనా అంత మర్యాద ఇవ్వడం అదే మొదలు.

సాయంత్రం కారుని షెడ్డులో ఎప్పట్లాగే గోడకి ఎదురుగా నిలబెట్టారు. కోడలు మీటరుకి పొడవాటి గొట్టం తగిలించి, బానెట్ సందులోంచి బయటికి లాగి, ముందు అద్దం మీద అందరికీ కనబడేలా జిగురు టేపుతో అంటించింది. బానెట్ మూసింది. టైలరమ్మ స్టీరింగ్ ముందు, కోడలు పక్కన, కండక్టరు తన స్థానంలో. ఇంజిన్ స్టార్టయింది. అద్దం సర్దింది, సీటు జరిపింది, కళ్లజోడు తుడిచింది.

తీరా చూస్తే భయం రాలేదు.

"ఇంతమంది ఉంటే ఎలా వస్తుంది?" అంది ఇబ్బందిగా.

"ఎదురుగా లారీ వస్తోందనుకో," అని కండక్టరు సాయం చేయబోయాడు. "బ్రేకు ఫెయిలైందనుకో. డ్రైవరు నిద్రపోయాడనుకో."

"మీరు నోరు మూసుకున్నారనుకుంటా," అంది టైలరమ్మ. కోడలు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

భయం రాకపోయినా అలవాటు చొప్పున అన్నీ చేసుకుంటూ పోయింది. మళ్లీ అద్దం, మళ్లీ సీటు. కారు లోపల ఉక్క మొదలైంది. కండక్టరు చేతిగుడ్డతో విసురుకున్నాడు. బెల్టు మడతలు సరిచేస్తుండగా దీపం ఒకసారి మినుక్కుమంది. తర్వాత ఎర్రగా, నిలకడగా వెలిగింది.

ముగ్గురూ ఒక్కసారే తలెత్తి అద్దం మీద మీటరు చూశారు. ముల్లు ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే!" అని కోడలు సీట్లోనే ఎగిరింది. "ఇంజిన్ రాయిలా ఉంది అత్తయ్యా! ఈ ముక్కే వేడెక్కితే మతి పోగొట్టుకుంటోంది." ఒక్క ఉదుటున దిగి, బానెట్ ఎత్తి, తడిగుడ్డ ఆ ఇత్తడి ముక్క మీద వేసి పట్టుకుంది. కాసేపటికి దీపం ఆరిపోయింది. గుడ్డ తీసి బానెట్ మూసి ఆగితే మళ్లీ వెలిగింది. దొంగ దొరికాడు.

మర్నాడు కొత్త సెన్సర్ బిగించి, అదే షెడ్డులో, అదే గోడకి ఎదురుగా, మునుపటికంటే ఎక్కువసేపే కూర్చున్నారు. ఉక్కకి తట్టుకోలేక కండక్టరు మధ్యలోనే దిగిపోయాడు. దీపం మాత్రం వెలగలేదు.

"మీరు ఇలా కూర్చోకపోతే ఇది ఏ ట్రాఫిక్కులోనో, నేను బాగుచేశానన్న పేరు చెడగొడుతూ వెలిగేది," అంది కోడలు. ఆ తర్వాత, అద్దం వైపు చూస్తూ, మామూలుగా అంది. "నాకూ మొదట్లో భయమేసేది అత్తయ్యా. పాటలు పెట్టుకునేదాన్ని."

సోమవారం పరీక్షలో, చేతిలో అట్ట పట్టుకున్న ఆఫీసరు పక్కన కూర్చున్నాడు. టైలరమ్మ ఇంజిన్ స్టార్ట్ చేసి, అద్దం సర్ది, కళ్లజోడు తుడవడం మొదలుపెట్టింది. ఆయన కాసేపు చూసి, "బండిలో ఏమైనా తేడా ఉందా అమ్మా?" అన్నాడు.

"బండి బంగారం బాబూ. నాకే ఇంకాస్త టైం పడుతుంది," అంది టైలరమ్మ. ఉన్న పొట్ట ఉన్నట్టు చూపించాక ప్రాణం ఎంత హాయిగా ఉందో. కంచె అవతల నుంచి "రైట్, రైట్" అని ఒక గొంతు కేకలు పెడుతున్నా పట్టించుకోలేదు. తనకి వీలైనప్పుడు కదిలింది, ఆపమన్నచోట ఆపింది, పాసైంది.

లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె మిషను ముందు కూర్చుని కండక్టరు ప్యాంటుకి నడుం పట్టీ కుడుతోంది, ఈసారి ఉన్న నడుముకి ఉన్నంత. తలెత్తితే గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. కాళ్లకి చెప్పులున్నాయి, చేతిలో పానాల సంచీ ఉంది.

"అత్తయ్యా, కాస్త నన్ను గ్యారేజీ దగ్గర దింపుతారా?"

కోడలి స్కూటరు బయట శుభ్రంగా నిలబడే ఉంది. దానికేమైందని టైలరమ్మ అడగలేదు. "ఆగు, వస్తున్నా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, జన్మంతా విన్న మాట కదా. దాన్ని మింగేసి, కుట్టు సగంలో వదిలి లేచింది.

"పద," అంది.

షెడ్డులో ఇంజిన్ స్టార్ట్ చేసి అద్దం సర్దింది. కోడలు పక్క సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని, ఏ తొందరా లేనట్టు కూర్చుంది. దీపం ఆరే ఉంది. ఇంతలో వెనక తలుపు తెరుచుకుని మూసుకుంది, దాని మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"రైట్, రైట్!"

"ఉండండి," అంది టైలరమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ. "రైట్ ఎప్పుడో నేను చెప్తా."

కాసేపటికి చెప్పింది.